నాయన వైండింగ్ నోట్‌బుక్కులు, తమ్ముడి పైథాన్: ఏ ఎడిటర్‌లో మొదలుపెట్టాలి?

ఏప్రిల్ మొదటి వారం

అనంతపురం పాతూరులో మా నాయనకు మోటారు వైండింగ్ షాపు ఉంది. ఎండలు ముదిరితే షాపు ముందు కాలిపోయిన మోటార్లు వరుసగా పడి ఉంటాయి. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఒట్టిగా తిరగడం, ఓల్టేజీ పడిపోవడం, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఆగకుండా గుంయ్‌మని మూలుగుతూ ఉండటం. కారణం ఏదైనా చివరికి మాడేది లోపల చుట్టిన రాగి తీగే, అంటే వైండింగే. పాత తీగ విప్పేటప్పుడు ఎన్ని స్లాట్లు (తీగ కూర్చునే గాడులు), స్లాటుకు ఎన్ని చుట్లు, ఏ గేజ్ (తీగ మందం), రాగి ఎంత బరువు తూగింది అని నాయన నోట్‌బుక్కులో రాసి పెట్టుకుంటాడు. అట్లాంటి నోట్‌బుక్కులు అటక మీద ఒక కట్ట ఉన్నాయి. అదే కంపెనీ, అదే హెచ్‌పీ మోటారు మళ్లీ వస్తే పాత లెక్క పనికొస్తుంది. కానీ అది ఏ నోట్‌బుక్కులో ఏ పేజీలో ఉందో వెతికే బదులు కొత్తగా విప్పి లెక్కపెట్టుకోవడమే నయమంటాడు నాయన.

ఈ నోట్‌బుక్కుల్ని ఒక ప్రోగ్రాంలోకి ఎక్కించాలన్నది ప్రాజెక్టు. రాసేది నేను కాదు, మా తమ్ముడు. పదో తరగతి పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాడు, ప్రోగ్రామింగ్ నేర్పమని వాడే అడిగాడు. నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నా కాబట్టి పక్కన కూర్చుంటాను, కీబోర్డు మాత్రం ముట్టుకోను. ఇది మా ఇద్దరి ఒప్పందం.

భాష గురించి పెద్ద చర్చ లేదు, పైథాన్. అసలు తేలాల్సింది ఎక్కడ రాయాలన్నది, అంటే కోడ్ రాసి నడిపి చూసుకునే ప్రోగ్రాం (ఎడిటర్) ఏదన్నది. మా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్కు, విండోస్ 10. నెట్ కావాలంటే నా ఫోన్ హాట్‌స్పాట్. కరెంటు పోతే బ్యాటరీ కాసేపు నిలబడుతుంది, అంతే.

సలహాలకు మాత్రం కరువు లేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పెద్దన్న (పెదనాయన కొడుకు) ఫోన్‌లో ఒకటే మాట: "వీఎస్ కోడ్ వేసుకోండి, ఇంకేం చూడొద్దు." క్లాస్‌మేట్ ఒకమ్మాయి ల్యాప్‌టాప్ ఎందుకు, ఫోన్‌లోనే చేసెయ్యమంది. ఎవరికి వాళ్లు తాము రోజూ వాడేదే చెప్తారు. రేపు మొదటి సారి కోడ్ రాయబోయే పదహారేళ్ల పిల్లాడికి ఏది కావాలో వాళ్లెవరికీ గుర్తుండే అవకాశం లేదు, నాకూ లేదు. అందుకే అన్నీ వేసి చూద్దామనుకున్నాం.

అదే వారం, టర్బో సీ గురించి కాస్త

మా కాలేజీ ల్యాబులో నేను నేర్చుకున్నది టర్బో సీలోనే. సీ భాషలో ప్రోగ్రాములు రాసి నడపడానికి బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన సరుకు అది. ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం లోపల కూర్చోబెట్టి నడుపుతారు. తమ్ముడికి చూపిద్దామని తెరిచాను. ఒక బిల్లు మొత్తం 40000 అని మామూలు ఇంట్‌లో (పూర్ణాంకాలు దాచే రకం) వేసి ప్రింట్ చేస్తే తెర మీద -25536 వచ్చింది. అందులో ఇంట్ అంటే 16 బిట్లే, 32767 దాటగానే లెక్క రుణ సంఖ్యల్లోకి తిరిగిపోతుంది.

"అక్కా, నాయన ఈ బిల్లిస్తే రైతుకు మనమే ఎదురు డబ్బులియ్యాల" అన్నాడు.

దాన్ని అంతటితో మూసేశాం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ నీలం తెరలో అదనంగా తగిలించే ఎక్స్‌టెన్షన్లు లేవు, సైన్ ఇన్‌లు లేవు, కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే ప్రోగ్రాం నడుస్తుంది. కొత్తవాళ్లకు ఆ నిశ్శబ్దం ఎంత అవసరమో తర్వాతి వారాల్లో ఇంకా బాగా తెలిసింది.

ఏప్రిల్ రెండో వారం: ఎర్రర్ వచ్చిన రోజు

పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర అడుగున "పాత్‌కు చేర్చు" అనే టిక్ ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో పైథాన్ అని కొట్టినప్పుడు విండోస్ 10 ఏకంగా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరిచి చూపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసింది కళ్ల ముందే ఉన్నా దొరకదంటుంది. నేర్చుకునేవాళ్లు సగం మంది మొదటి రోజే టెన్షన్ పడేది ఇక్కడే అనుకుంటా. టిక్ పెట్టాం, దాటేశాం.

తమ్ముడు మొదట రాసింది గేజ్ పట్టిక. మోనోబ్లాక్ మోటార్లకు, ఫ్యాన్లకు వాడే ఎనామిల్ తీగను షాపులో గేజ్‌లోనే చెప్తారు. (బోరు మోటార్ల పాలీ వైరు సంగతి వేరు, దాన్ని మిల్లీమీటర్లలోనే అడుగుతారు.) గేజ్ అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది: 18 అంటే 1.219 మిల్లీమీటర్లు, 19 అంటే 1.016, 20 అంటే 0.914, 21 అంటే 0.813, 22 అంటే 0.711. వీటిని ఒక డిక్షనరీలో (ఒకటి అడిగితే దాని ఎదురుగా ఉన్న విలువ ఇచ్చే పట్టిక) పెట్టి, గేజ్ అడిగి మందం చెప్పడమే వాడి ప్రోగ్రాం. అయిదారు లైన్లు. నోట్‌ప్యాడ్‌లో రాసి, ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశాడు. నల్ల కిటికీ వచ్చింది, గేజ్ అడిగింది, 19 కొట్టాడు, కిటికీ మాయమైపోయింది.

మళ్లీ కొట్టాడు. మళ్లీ మాయం.

"కరెంటు పోయిందా?" అని బల్బు వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతానే ఉంది.

పైథాన్ చెప్పాల్సింది చెప్పే ఉంటుంది, దాన్ని చదివే అవకాశమే ఇవ్వకుండా కిటికీ మూసుకుపోయింది. నాకు అక్కడ ఒక ఆలోచన తట్టింది. ఎడిటర్లను అన్నీ బాగున్నప్పుడు పోల్చడం దండగ, హలో అని ప్రింట్ చెయ్యడం అందరికీ వచ్చు. ఇదే ఫైల్‌ను, ఇదే తప్పుతో, ఒక్కో దాంట్లో నడిపి చూడాలి. తప్పేంటో నాకు తెలుసు, వాడికి చెప్పను. ఎందులో నడిపినప్పుడు వాడంతట వాడు పట్టుకుంటాడో చూడాలి.

తప్పు ఇది: ఇన్‌పుట్ అనే ఫంక్షన్ ఏం కొట్టినా దాన్ని అక్షరాలుగానే ఇస్తుంది. పట్టికలో ఉన్నది 19 అనే అంకె. వాడు అడుగుతున్నది కోట్స్ మధ్య ఉన్న '19' అనే మాట. పట్టికలో అది లేదు కాబట్టి కీఎర్రర్.

ఆ వారాంతం: వీఎస్ కోడ్

ముందు పెద్దన్న చెప్పినదాని వంతు. పేర్లు కలుస్తాయి గానీ విజువల్ స్టూడియో వేరు, విజువల్ స్టూడియో కోడ్ వేరు. మొదటిది భారీ సరంజామా, రెండోది 2015లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన ఎడిటర్. డౌన్‌లోడ్ చేసేవాళ్లు చూసుకోవాలి. ఎడిటర్ ఒక్కటే వస్తుంది, పైథాన్ విడిగా ఉండాలి, దానికి పైథాన్ ఎక్స్‌టెన్షన్ వేయాలి, ఏ ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను నడిపే పైథాన్) వాడాలో ఎంచుకోవాలి. మా ల్యాప్‌టాప్‌కు ఆ బరువు ఆనలేదు. తప్పు దానిది కాదు, 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే ఏదైనా ఈడుస్తుంది.

ఫోల్డర్ తెరవగానే, ఇందులోని ఫైళ్లు రాసినవాళ్లను మీరు నమ్ముతారా అని అడిగింది.

"రాసింది నేనే కదక్కా. నన్ను నేను నమ్మాల్నా?"

ఇంకొకరి కోడ్ దించుకున్నప్పుడు ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో తర్వాత చెప్పొచ్చులే అని నమ్ముతానని నొక్కించాను. ప్రోగ్రాం నడిపితే కింద టెర్మినల్‌లో ఫోల్డర్ల దారి అంతా ఒక పొడవాటి లైనుగా పరుచుకుంది, దాని కింద గేజ్ ప్రశ్న, దాని కింద ఎర్రర్, దాని కింద మళ్లీ అదే దారి. వాడి కళ్లు ఎర్రర్ మీద నిలవలేదు. ఏది తన ప్రోగ్రాం మాట్లాడింది, ఏది విండోస్ మాట్లాడింది అన్నదే తేల్చుకోలేకపోయాడు.

న్యాయంగా చెప్పాలంటే వీఎస్ కోడ్‌లో డీబగ్గర్ ఉంది, ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపల చూసే సాధనం. ఎఫ్5 నొక్కి, అడిగిన రెండు ప్రశ్నలకు జవాబిస్తే తప్పు జరిగిన లైను దగ్గరే ఆగి, ఎడమ పక్కన గేజ్ విలువ '19' అని కోట్స్‌తో సహా చూపిస్తుంది. సమాచారం ఉంది, కాకపోతే అక్కడిదాకా వెళ్లడానికి డీబగ్గర్ అంటే ఏంటో ముందే తెలిసి ఉండాలి.

ఇంకోటి. సైన్ ఇన్ అయితే కృత్రిమ మేధ సలహాలు బూడిద రంగులో ముందే రాసి చూపిస్తాయి. ఆ లైను దగ్గర అది ఇంట్ అని తగిలించి సరిచేసేది, ప్రోగ్రాం నడిచేది, తమ్ముడికి ఎర్రరే ఎదురయ్యేది కాదు. మోటారు బాగయ్యేది గానీ ఎందుకు కాలిందో తెలిసేది కాదు. నేను సైన్ ఇన్ చేయనివ్వలేదు. ఈ విషయంలో పెద్దన్నకూ నాకూ ఫోన్‌లోనే చిన్న గొడవ. "ఆఫీసులో అందరూ అదే వాడతాండారు" అన్నాడు. ఆఫీసు సంగతి ఆఫీసుదే అన్నా.

పైచార్మ్ అనే ఇంకో ఎడిటర్ మా ల్యాప్‌టాప్‌కు మించినది, వేయనేలేదు. గూగుల్ కోలాబ్ బాగుంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్ చాలు. కానీ నడిచేది గూగుల్ కంప్యూటర్‌లో, మా ఫైళ్లు ఉన్నది మా హార్డ్ డిస్కులో. నెట్ పోతే పనీ పోతుంది. షాపులో రోజూ వాడే లెక్కకు అది కుదరదు. ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసి చూశాం. నెట్ లేకుండా నడుస్తుంది, చదివిన చిన్న ప్రోగ్రాం ఒకటి బస్సులో కూర్చుని సరిచూసుకోవడానికి భేషుగ్గా ఉంది. పైథాన్‌లో లైను ముందు ఖాళీలు సరిగ్గా పడాలి కదా, ఫోన్ కీబోర్డులో ఆ ఖాళీలు లెక్కపెట్టడం మాత్రం ఓపికకు పరీక్ష.

ఏప్రిల్ మూడో వారం: ఐడిల్, థానీ

ఐడిల్ అనే ఎడిటర్ పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా వేసేదేం లేదు. రూపం చూస్తే పాతగా ఉంటుంది, అందుకే ఎవరూ పేరెత్తరు. ఫైల్ తెరిచి ఎఫ్5 నొక్కితే, పైథాన్‌తో నేరుగా మాట్లాడే షెల్ కిటికీలో ప్రోగ్రాం నడిచింది, ఎర్రర్ ఎర్రగా వచ్చి అక్కడే నిలబడింది. అంతకంటే మంచి విషయం, ప్రోగ్రాం ఆగిపోయినా దాని వేరియబుల్స్ (విలువలు దాచిన పేర్లు) షెల్‌లో బతికే ఉంటాయి. గేజ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే '19' అని చూపిస్తుంది. ఇది చాలా గొప్ప సౌకర్యం. చిక్కల్లా రెండు కిటికీలు. షెల్ ఒకటి, ఫైల్ ఒకటి, రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. తమ్ముడు ప్రోగ్రాం మధ్య లైన్లు షెల్‌లో కొట్టి, అవి ఫైల్‌లోకి ఎందుకు రాలేదని వెతికాడు.

థానీ గురించి నాకు ముందు తెలియదు, ఒక సీనియర్ చెప్పింది. ఎస్టోనియాలో టార్టు విశ్వవిద్యాలయం వాళ్లు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన ఎడిటర్. ఉచితం. పైథాన్‌ను తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి ఆ పాత్ టిక్ గోల ఉండదు. ఒకటే కిటికీ: పైన కోడ్, కింద షెల్. వ్యూ మెనూలో వేరియబుల్స్ అన్నదానికి టిక్ పెడితే కుడిపక్కన ఒక పట్టిక వస్తుంది, ఏ పేరులో ఏ విలువ ఉందో అందులో కనిపిస్తూ ఉంటుంది.

అదే ఫైల్. 19. కీఎర్రర్. వాడు కాసేపు ఎర్ర అక్షరాలు చూశాడు, తర్వాత కుడిపక్క చూశాడు. గేజ్ పట్టిక అన్న పేరు ఎదురుగా డిక్షనరీ, దాని పక్కనే గేజ్ ఎదురుగా '19'.

"అక్కా, పట్టికలో 19కి కోట్స్ లేవు. దీనికి ఉండాయి."

నేనేం మాట్లాడలేదు.

"అంటే ఇది అంకె కాదా?"

అప్పుడు థానీలో డీబగ్ బటన్ నొక్కించాను. ఒక్కో అడుగు వేయిస్తుంటే, ప్రోగ్రాం ఏ ముక్కను లెక్కిస్తోందో ఆ ముక్క వెలుగుతుంది, లెక్క కాగానే దాని స్థానంలో విలువ వచ్చి కూర్చుంటుంది. ఇన్‌పుట్ అనే మాట ఉన్న చోట '19' వచ్చి పడటం వాడు కళ్లారా చూశాడు. ఇంట్ లోపల పెడితే కోట్స్ ఊడిపోతాయని నేను చెప్పాల్సి వచ్చింది, అది పుట్టుకతో ఎవరికీ రాదు. కానీ ప్రశ్న వాడిదే.

దీంతో మా ఇంట్లో ఎడిటర్ ఏదన్నది తేలింది. రాత్రి అన్నం తింటూ ఇదంతా చెప్తే నాయన తన భాషలోకి మార్చుకున్నాడు: "కొత్తగా పనికొచ్చిన పిల్లోనికి మొదట కాయిల్ చుట్టే మిషను ఇయ్యం. కాలిపోయినదాన్ని విప్పి చుట్లు లెక్కపెట్టమంటాం. లోపల ఏముందో చూడనోడు బయట ఏం చుడతాడు?" అమ్మ మధ్యలో, ల్యాప్‌టాప్ అన్నం పళ్లెం పక్కన పెట్టొద్దని కసిరింది.

ఏప్రిల్ ఆఖరు: జంట తీగ లెక్క

షాపులో ఒక్కోసారి కావలసిన గేజ్ ఉండదు. అప్పుడు దానికంటే సన్న తీగను జంటగా లాగుతారు. రెండు సన్న తీగల అడ్డుకోత వైశాల్యం కలిపితే అసలు తీగ వైశాల్యానికి దగ్గరగా రావాలి. తమ్ముడు దీనికో ఫంక్షన్ రాశాడు. మందం వర్గం చేసి 0.7854తో గుణించడమే.

19 గేజ్ ఒంటి తీగ 0.811 చదరపు మిల్లీమీటర్లు. 22 గేజ్ జంట 0.794. నాయన చూసి "అదే కదా మేం చేసేది, పంతొమ్మిదికి ఇరవై రెండు జంట" అన్నాడు, పెద్దగా ఆశ్చర్యపోలేదు. 18 దగ్గర అసలు విషయం ఉంది. దాని వైశాల్యం 1.167. 21 జంట వేస్తే 1.038, పదకొండు శాతం తక్కువ. నాయన ఒప్పుకోలేదు, వేడెక్కుతుందన్నాడు. 20 జంట వేస్తే 1.312, స్లాటులో పట్టదు. ప్రోగ్రాం ఏదో ఒకటి ఎంచి ఇవ్వకుండా, రెండూ చూపించి తేడా ఎంతో చెప్పాలని అప్పుడు మార్చాం. ఎన్నుకునేది నాయన.

ఈ ఫంక్షన్ రాసేటప్పుడు థానీలో ఇంకోటి పనికొచ్చింది. ఫంక్షన్‌లోకి అడుగు పెట్టగానే దానికి వేరే చిన్న కిటికీ తెరుచుకుంటుంది, లోపలి వేరియబుల్స్ అందులోనే ఉంటాయి. లోపలి మందం వేరు, బయటి మందం వేరు అన్నది నాకు కాలేజీలో ఒక సెమిస్టరంతా అర్థం కాలేదు.

మే మొదటి వారం: తెలుగు

నోట్‌బుక్కులు తెలుగులో ఉన్నాయి. ఊళ్ల పేర్లు, కంపెనీ పేర్లు నాయన ఎట్లా పలికితే అట్లా. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టొచ్చు, చుట్లు = 42 అని రాస్తే నడుస్తుంది. తమ్ముడికి ఇది తెగ నచ్చి మొదటి రోజు నుంచీ అన్నీ తెలుగులోనే పెడుతున్నాడు. ఒక రోజు గేజ్‌లు అని పేరు పెట్టగానే సింటాక్స్ ఎర్రర్. కంటికి ఏ తప్పూ లేదు. జ పొల్లుకూ లు కూ మధ్య, అవి కలిసి ఒత్తుగా మారకుండా ఆపే ఒక కనపడని గుర్తు ఉంటుంది. రాతలో అది కావాలి, పేర్లలో పైథాన్ దాన్ని ఒప్పుకోదు. పేరును గేజుల_పట్టిక అని మార్చుకుంటే సరిపోయింది. తెలుగు పేర్లతో మొదలుపెట్టే ఎవరికైనా ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

ఫైల్‌లో దాచేటప్పుడు ఇంకో మెలిక. విండోస్ మీద ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) ఏదో చెప్పకపోతే మామూలుగా విండోస్ పాత కోడ్‌పేజీ వస్తుంది, అందులో తెలుగుకు చోటే లేదు. ఎడిటర్ ఏదైనా సరే, తెలుగుకు చోటున్న యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడం అలవాటు చేయించాను. మేం దాచే సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో తెరవాలంటే చివర సిగ్ అని కూడా తగిలించాలి, లేకపోతే బుక్కరాయసముద్రం పిచ్చి గుర్తుల వరుసగా కనిపిస్తుంది.

ఆ ఊరి పేరే ఇంకో పాఠం చెప్పింది. తెర మీద నిలువు వరుసలు సరిగ్గా రావడం లేదని పొడవు చూస్తే, కంటికి ఏడు అక్షరాలున్న ఆ పేరు పైథాన్ లెక్కలో 15. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. షెల్‌లో వరుసలు కలపాలన్న ఆశ వదులుకుని, పైథాన్‌తో పాటే వచ్చే, కిటికీలు తయారుచేసే టికింటర్‌లో చిన్న పట్టిక చేశాం. థానీలో తెలుగు చదవడానికి బాగానే ఉంది, గుణింతం మధ్యలో కర్సర్ పెట్టి సరిచేయాలంటే మాత్రం తడబడుతుంది. మేం మాట మొత్తం తుడిచి మళ్లీ రాస్తున్నాం.

మే మూడో వారం

ప్రోగ్రాం ఇప్పుడు మూడు ఫైళ్లయింది: నమోదు, వెతుకులాట, తీగ లెక్క. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ చేయించి ఎస్‌ఎస్‌డీ వేయించాం, నిజం చెప్పాలంటే ఏ ఎడిటర్ మార్చినా రానంత తేడా దాంతో వచ్చింది. ఒక ఫంక్షన్ పేరు మారిస్తే మూడు ఫైళ్లలోనూ మార్చాల్సి వస్తోంది, నిన్నటి కోడ్‌కూ ఇవాళ్టి కోడ్‌కూ తేడా చూడాల్సి వస్తోంది. ఇవన్నీ వీఎస్ కోడ్‌లో తేలిక. నేను అదే ఫోల్డర్‌ను అందులో తెరిచి గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది) పని చూసుకుంటున్నా. తమ్ముడు థానీలోనే రాస్తున్నాడు. ఫైళ్లు ఒకటే కాబట్టి గొడవ లేదు. పెద్దన్నకు ఈ సంగతి చెప్తే, చూశావా చివరికి నా దారికే వచ్చావు అన్నాడు. సగం దారికి అన్నా.

మిగిలిన పని: నాయనకు ఎడిటరే కనపడకూడదు. ఐకాన్ నొక్కితే పట్టిక కిటికీ రావాలి, తప్పు జరిగితే మొదటి రోజులా మాయమైపోకుండా, ఆ ఎర్రర్ ఒక ఫైల్‌లో రాసి ఉంచాలి. పైఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాంతో నేరుగా నడిచే ఒకటే ఫైల్‌గా (ఎగ్జిక్యూటబుల్) చేయాలా, షార్ట్‌కట్ ఒకటి పెడితే చాలా అని చూస్తున్నాం. వచ్చే నెల తమ్ముడు ఇంటర్‌లో చేరతాడు, ఈలోపే తేల్చాలి. అటక మీది నోట్‌బుక్కుల్లో ఇంకా ఎక్కించనివి చాలా ఉన్నాయి. షాపులో పనిచేసే పిల్లోడు మధ్యాహ్నం పని పలచబడ్డప్పుడు తనూ టైప్ చేస్తానన్నాడు. వాడికి ముందు తెలుగు కీబోర్డు నేర్పాలి.